కరోనా కాలంలో కన్ను తీసేసే ఆపరేషన్లు పెరిగాయా, తగ్గాయా? గునుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరడిగినదాంట్లో మూడు ముక్కలున్నాయి. కరోనా రెండేళ్ళలో కన్ను తీసేసే ఆపరేషన్లు పెరిగాయని ఒకరు, సగానికి సగం తగ్గాయని ఇంకొకరు అంటున్నారు, ఏది నిజం? మళ్ళీ దారులు మూసేసే రోజులొస్తే ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు ఉండేవాళ్ళం ఏం చూసుకోవాలి? 2021లో బ్లాక్ ఫంగస్ వల్ల కన్నూ రెప్పలూ పోగొట్టుకున్న మా చిన్నాన్నకి ఇప్పుడేం పెట్టించవచ్చు?

మొదటిదానికి సూటిగా చెప్పాలంటే, ఆ ఇద్దరూ అబద్ధమాడటం లేదు. తగ్గాయన్నవారు 2020 వేసవి రిజిస్టరు చూసి మాట్లాడుతున్నారు, పెరిగాయన్నవారు 2021 మే, జూన్ నెలలది చూసి. పైగా "కన్ను తీసేయడం" అని మనం ఒక్క మాటలో అనేస్తాంగానీ అవి మూడు వేర్వేరు ఆపరేషన్లు. మూడింటి మీదా మహమ్మారి మూడు రకాలుగా పడింది. వాటిని కలిపి లెక్కపెడితే ఏమీ తెలియదు.

ఎవిసరేషన్ అంటే నల్లగుడ్డు (కార్నియా) కోసి, లోపలున్నదంతా గరిటెలాంటి పరికరంతో తోడేసి, తెల్లగుడ్డు సంచిని, దాన్ని కదిపే కండరాలను అలాగే ఉంచడం. చీముపట్టిన కళ్ళకి, చూపు పోయి నొప్పి మాత్రం మిగిలిన కళ్ళకి ఎక్కువగా ఇదే చేస్తారు. ఎన్యూక్లియేషన్‌లో గుడ్డు మొత్తాన్ని వెనక కంటినరం ముక్కతో సహా తీస్తారు. ఇది ప్రధానంగా కంటిలో గడ్డలకు. ఎగ్జెంటరేషన్ అంటే కంటి గుంటలో ఉన్న గుడ్డు, కొవ్వు, కండరాలు, ఒక్కోసారి రెప్పలతో సహా ఎముక దాకా ఖాళీ చేయడం. మీ చిన్నాన్నగారికి చేసింది ఇదే. మామూలు రోజుల్లో ఇది అరుదు, రెప్ప కేన్సరో గుంటలో గడ్డో ఉంటే తప్ప చేయరు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక అత్యవసరం కానివన్నీ వాయిదా పడ్డాయి. చూపు లేని నొప్పి కంటిని తీయించుకోవడం అలా వాయిదా పడ్డవాటిలో ఒకటి. అందులో పెద్ద తప్పేమీ లేదు. ఆ కంటికి అట్రోపిన్, స్టీరాయిడ్ చుక్కలతోనో, గుడ్డు వెనక ఆల్కహాల్ ఇంజెక్షన్‌తోనో కొన్ని నెలలు నొప్పి ఆపవచ్చు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మొత్తం సంఖ్య పడిపోయిన ఆసుపత్రుల్లో ఆ తగ్గుదల చాలావరకు ఈ రకానిది. ఆ కళ్ళు బాగుపడలేదు, వాటి ఆపరేషన్లు తర్వాతి ఏడాది లెక్కలోకి చేరాయి, అంతే.

వాయిదా వేయలేనిది కంటి పుండు. మన వైపు అసలు కథ ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

వరి కంకి తగలడం, నూర్పిళ్ళలో ఊక పడటం, చెరుకు ఆకు కోయడం, ఎద్దు తోక కొట్టడం, పోడు నరికేటప్పుడు పుల్ల గుచ్చుకోవడం: పొలం పనిలో నల్లగుడ్డు మీద పడే గీతలు ఇవి. మొక్కల మీద ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజులు ఎలాగూ ఉంటాయి, గీతలోంచి లోపలికి పోతాయి. మొదటి రోజు గరగర, నీరు కారడం. మూడో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. వారం తిరిగేసరికి దాని అంచులు దూదిపింజలా చీలికలుగా పాకుతాయి, నల్లగుడ్డు వెనక అడుగున చీము గీతలా పేరుకుంటుంది. బూజు పుండుకి కనిపించేంత నొప్పి ఉండదు, అదే దీని మోసం. "ఎర్రగా ఉంది గానీ పెద్దగా నొప్పి లేదు కదా" అని రెండో వారం కూడా ఇంట్లోనే గడిచిపోతుంది. రెండు మూడు వారాలకి నల్లగుడ్డు పలచబడి చిల్లు పడుతుంది. అక్కణ్ణుంచి చీము గుడ్డంతా నిండితే ఇక మిగిలేది ఎవిసరేషనే.

మందు ఖరీదైనదేం కాదు. ఐదు శాతం నాటమైసిన్ చుక్కలు, మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి. ఇది కరిగిన మందు కాదు, తేలే పొడి. సీసా ఊపకపోతే పైన తేటనీళ్ళు పడతాయి, మందు అడుగున ఉండిపోతుంది. రెండు రకాల చుక్కలు రాసిస్తే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. అయితే ఇది బూజా బాక్టీరియానా అని మందు వేసేముందే తేల్చుకోవాలి. పుండు అంచు నుంచి బ్లేడుతో కొద్దిగా గీరి, పది శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) వేసి మైక్రోస్కోపు కింద చూస్తే అరగంటలో తెలిసిపోతుంది.

లాక్‌డౌన్‌లో ఈ అరగంట పనికే దారి లేకుండా పోయింది. గునుపురం నుంచి పర్లాకిమిడి, నౌపడా మీదుగా పలాస పోయే రైలు లేదు. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం దిగి విశాఖ చేరే దారిలో పాసింజరు బళ్ళు లేవు. బస్సు లేదు, రాష్ట్ర సరిహద్దు దగ్గర చెక్‌పోస్టు. రోగి చేతికి అందేది ఊళ్ళో మందుల షాపు ఒక్కటే. అక్కడ "కళ్ళు ఎర్రబడ్డాయి" అంటే యాంటీబయాటిక్‌తో స్టీరాయిడ్ కలిపిన చుక్కలు ఇచ్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఆ చుక్కలతో రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది. ఒంటి కాపలాని స్టీరాయిడ్ నిద్రపుచ్చుతుంది కాబట్టి బూజు లోపల హాయిగా పెరుగుతుంది. ఆకు పసరు, తల్లిపాలు పోయడం కూడా ఇదే కోవ. పుండు మీద కొత్త క్రిములు వేసినట్టే.

పుండు ముదిరిన కంటిని నిలబెట్టడానికి ఇంకొక్క ఆయుధం ఉంటుంది: కుళ్ళిన నల్లగుడ్డు కోసేసి దానం వచ్చిన నల్లగుడ్డు అతికించడం. చూపు కోసం కాదు, ముందు గుడ్డు దక్కడం కోసం. 2020లో అదీ కరువైంది. మరణించాక ఆరు గంటల్లోపు సేకరించాలి, ఆసుపత్రుల్లో సేకరణ ఆగిపోయింది, కరోనా ఉన్న దాతల నుంచి తీసుకోరు. మామూలు నిల్వ ద్రావణంలో ఉంచితే నాలుగు రోజులే ఆగుతుంది, కాబట్టి ముందటి నెల సేకరించినది ఈ నెల పనికిరాదు. గ్లిజరిన్‌లో ఉంచిన కణజాలం నెలల తరబడి ఉంటుంది. అది చూపు ఇవ్వదు గానీ చిల్లు మూస్తుంది, అది ఉన్నచోట కొన్ని గుడ్లు దక్కాయి. రెండు మిల్లీమీటర్ల లోపు చిల్లయితే సయానోఅక్రిలేట్ జిగురు చుక్క పెట్టి పైన కాంటాక్ట్ లెన్స్ వేసి కూడా ఆపవచ్చు. ఈ మూడూ లేనిచోట మామూలు రోజుల్లో దక్కాల్సిన కన్ను కూడా తీసివేతల రిజిస్టర్లోకే ఎక్కుతుంది.

పిల్లల సంగతి రెండు మాటల్లో. "పిల్లి కన్ను" అని మనవాళ్ళు అనే తెల్ల మెరుపు, ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా పడటం, రెటినోబ్లాస్టోమా అనే కేన్సర్ గుర్తు కావచ్చు. దీనికి కీమో మూడు నాలుగు వారాలకొకసారి, సాధారణంగా ఆరు విడతలు. మధ్యలో రెండు విడతలు దారి లేక తప్పిపోతే గడ్డ తిరిగి లేస్తుంది, కీమోతో దక్కించుకుందామనుకున్న కంటిని తీయక తప్పని పరిస్థితి వస్తుంది. మహమ్మారి కాలంలో కూడా ఇది వాయిదా వేయదగ్గ జబ్బు కాదు. కన్ను తీస్తే నరం కనీసం పది, వీలైతే పదిహేను మిల్లీమీటర్ల పొడవున రావాలి, ఆ నరం కొసలో కేన్సరుందో లేదో పాథాలజీ రిపోర్టు చెబుతుంది. ఆపరేషన్ అయిపోయిందని ఊరెళ్ళిపోయి ఆ రిపోర్టు చూపించుకోనివాళ్ళకే ఎక్కువ ముప్పు. లోపల కనిపించని కంటికి ముందు అల్ట్రాసౌండ్ చేయకుండా ఎవిసరేషన్ చేయకూడదన్న నియమం కూడా ఇందుకే: లోపల గడ్డుంటే తోడేటప్పుడు అది గుంటలోకి చెదిరిపోతుంది.

ఇక 2021. రెండో వేవ్‌తో లెక్క పూర్తిగా తిరగబడింది. పెరిగింది ఎగ్జెంటరేషన్, అదీ మ్యూకార్మైకోసిస్ వల్ల. అందరం బ్లాక్ ఫంగస్ అంటాం కానీ ఆ బూజు నలుపు కాదు. అది రక్తనాళాల్లోకి దూరి గడ్డకట్టిస్తుంది, రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది; కనిపించే నలుపు మన మాంసానిది. ముక్కు పక్కనుండే గాలి గదుల్లో మొదలై, పలచటి ఎముక దాటి కంటి గుంటలోకి, అక్కణ్ణుంచి మెదడుకి పోతుంది. 2021 మే నెలలో కేంద్రం దీన్ని 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. జూలై చివరికి పార్లమెంటులో చెప్పిన లెక్క: దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు.

ఇన్ని కేసుల్లో ఎన్ని కళ్ళు పోయాయన్నదానికి నమ్మదగ్గ ఆధారం కంటి డాక్టర్లు కలిసి చేసిన ఒక పెద్ద అధ్యయనం. 2021 మే 26 దాకా దేశంలోని 102 కేంద్రాల నుంచి 2,826 మంది వివరాలు తీశారు. అందులో షుగరు ఉన్నవాళ్ళు 78 శాతం, స్టీరాయిడ్ పడ్డవాళ్ళు 87 శాతం. ఎగ్జెంటరేషన్ ఒక్కటే జరిగినవారు 15 శాతం, ముక్కు గదుల శుభ్రతతో కలిపి జరిగినవారు 17 శాతం. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరికి కంటి గుంట ఖాళీ చేశారు. చనిపోయినవాళ్ళు 14 శాతం. జబ్బు మెదడుకి పాకిన దశలో ముక్కు శుభ్రత, గుంట ఖాళీ చేయడం రెండూ చేసినవారిలో మరణాలు 52 నుంచి 39 శాతానికి తగ్గాయి. మీ చిన్నాన్నగారి కన్ను అనవసరంగా తీశారేమోనని ఇంట్లో అనుకుంటున్నారని రాశారు కదా, ఆ అంకె వాళ్ళకి చూపించండి. చూపు పూర్తిగా పోయి, గుడ్డు ఎటూ కదలక, మందు పడుతున్నా నలుపు పాకుతుంటే డాక్టరు చేతిలో ఉన్నది కన్ను కాదు, ప్రాణం. చూపు ఇంకా ఉండి, జబ్బు గుంటలో కొంతమేరకే ఉంటే మాత్రం కన్ను ఉంచి, గుడ్డు వెనక ఆంఫోటెరిసిన్ అనే బూజు మందు ఇంజెక్షన్ (ఒక మిల్లీలీటరులో మూడున్నర మిల్లీగ్రాములు) ఇచ్చి చూసినవారూ ఉన్నారు. పై అధ్యయనంలో 22 శాతం మందికి అది పడింది.

స్టీరాయిడ్ ఎక్కడ బెడిసిందంటే, ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి డెక్సామెథసోన్ రోజుకి ఆరు మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా ఇవ్వాలన్నది 2020 మధ్యకే తేలిపోయిన విషయం. ఊళ్ళలో జరిగింది వేరు. జ్వరం వచ్చిన రెండో రోజే, ఆక్సిజన్ 97 ఉన్నవాళ్ళు కూడా, పక్కింటివాళ్ళ చీటీ చూసి మాత్రలు మింగారు. షుగరు చూసుకోలేదు. స్టీరాయిడ్‌తో షుగరు 300, 400కి ఎగబాకితే ఈ బూజుకి అదే పండగ.

మందు కొరత లెక్క కూడా చూడండి. లైపోసోమల్ (కొవ్వు పొరలో చుట్టిన కొత్త రకం) ఆంఫోటెరిసిన్ రోజుకి, ఒంటి బరువు కిలోకి ఐదు మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. మూడు వారాలకి 126 సీసాలు, ఒక్క రోగికి. ఒక్కసారిగా వేలమందికి కావలసివస్తే ఏ గోదాము చాలుతుంది? ఇంకొకటి, దీన్ని ఐదు శాతం గ్లూకోజులోనే కలపాలి, సెలైన్‌లో కలిపితే మందు విరిగిపోతుంది. షుగరు రోగికి గ్లూకోజు ఎక్కిస్తున్నారని బంధువులు గొడవపడ్డ సందర్భాలు ఈ ఒక్క సంగతి ముందే చెప్పకపోవడం వల్ల వచ్చేవి. దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచుతారు. కిడ్నీ పరీక్ష, పొటాషియం తరచూ చూడాలి. లైపోసోమల్ దొరక్క పాత రకం ఆంఫోటెరిసిన్ వాడినచోట కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువ, దాంతో మధ్యలో ఆపాల్సి వచ్చేది, ఆపితే బూజు తిరగబెట్టేది.

మీరు మీ బ్లాకు స్థాయిలో లెక్కలు తీయాలనుకుంటున్నామని రాశారు. అందులో పడే గుంతలు చెబుతాను. ఊహించిన అంకెలతో: ఒక ఆసుపత్రికి మామూలు నెలలో 10,000 ఓపీ, 10 తీసివేతలు. లాక్‌డౌన్ నెలలో 1,000 ఓపీ, 6 తీసివేతలు. సంఖ్య చూస్తే 40 శాతం తగ్గింది. వెయ్యి మంది రోగులకి లెక్కిస్తే ఒకటి నుంచి ఆరుకి పెరిగింది. రెండూ సరైన లెక్కలే, రెండూ మీకు కావలసిన జవాబు ఇవ్వవు. మీకు కావలసింది ఆ ప్రాంత జనాభాలో లక్షకి ఎన్ని అని. దానికి ఒక్క ఆసుపత్రి రిజిస్టరు చాలదు. పక్క జిల్లా ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రిగా మారిపోతే వాళ్ళ కేసులన్నీ విశాఖకో బరంపురానికో పోతాయి, అక్కడ సంఖ్య పెరిగినట్టు కనబడుతుంది, జనాభాలో ఏమీ పెరగకపోయినా.

అందుకని ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టరులో ఈ గళ్ళు తీసుకోండి: ఆపరేషన్ తేదీ, మూడింటిలో ఏది, రోగి ఊరు, కారణం, లక్షణం మొదలైన రోజు, మొదటిసారి ఏ వైద్యుణ్ణయినా కలిసిన రోజు, స్టీరాయిడ్ చుక్కలు పడ్డాయా. ఏప్రిల్‌ని ఏప్రిల్‌తో, డిసెంబర్‌ని డిసెంబర్‌తో పోల్చాలి, 2018, 2019 రెండేళ్ళ సగటుతో. ఖరీఫ్ కోతలు నవంబర్, డిసెంబర్‌లో కాబట్టి పుండ్లు అప్పుడు పెరుగుతాయి. 2020 ఏప్రిల్‌ని అంతకుముందు డిసెంబర్‌తో పోలిస్తే కరోనాకీ వరికోతకీ తేడా తెలియదు. మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) ఆపరేషన్లు చాలాచోట్ల ఈఎన్‌టీ ఓటీలో, ఈఎన్‌టీ రిజిస్టరులో ఉంటాయి. కంటి విభాగం పుస్తకం ఒక్కటే తిరగేసి "మా దగ్గర పెరగలేదు" అనేవాళ్ళు అక్కడే దెబ్బతింటారు.

అన్నిటికన్నా పెద్ద గుంత ఏ పుస్తకంలోనూ లేని కళ్ళు. కొండ మీది ఊళ్ళో పుండు చిల్లుపడి, చీము కారి, నెలకో రెణ్ణెల్లకో ఆ గుడ్డు ఎండిన ఉసిరికాయలా కుంచించుకుపోతుంది. నొప్పి తగ్గిపోతుంది, మనిషి ఆసుపత్రికి రాడు, ఆపరేషన్ జరగదు. కన్ను పోయింది, తీసివేతల సంఖ్య మాత్రం పెరగలేదు. ఇవి బయటపడేది ఏడాదీ రెండేళ్ళ తర్వాత, పెళ్ళి చూపులకో ఉద్యోగానికో కృత్రిమ కన్ను కావాలని వచ్చినప్పుడు. అందుకే నా మటుకు నేను తీసివేతల సంఖ్యకన్నా "లక్షణం మొదలై ఆసుపత్రికి చేరడానికి ఎన్ని రోజులు" అనే గడినే ఎక్కువ నమ్ముతాను. కంటి పుండులో ఆ గడి ఐదు రోజుల నుంచి పద్దెనిమిదికి మారితే ఆపరేషన్ల సంఖ్య ఎంతున్నా కళ్ళు పోతున్నట్టే. కృత్రిమ కన్ను కోసం వచ్చినవాళ్ళ పుస్తకం కూడా అడిగి చూడండి. కుంచించుకుపోయిన గుడ్డు మీద పలచటి డొప్పలాంటి కన్ను ఆపరేషన్ లేకుండానే అమర్చుతారు. 2021, 22లో అలాంటివి ఎన్ని చేశారో లెక్కపెడితే 2020లో ఇంట్లో పోయిన కళ్ళ నీడ కొంత దొరుకుతుంది.

రెండో ప్రశ్న, దారులు మూసినప్పుడు ఏం చేయాలి. రాయగడలో ఎల్‌వీ ప్రసాద్ కంటి సంస్థ ఆసుపత్రి ఉంది, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో ఇంకో మెడికల్ కాలేజీ ఉన్నాయి. సరిహద్దు దాటాల్సిన పని ప్రతిదానికీ లేదు. గీరి చూడటం, నాటమైసిన్ మొదలుపెట్టడం దగ్గర్లో కంటి డాక్టరున్న చోట అయిపోవాలి; నల్లగుడ్డు మార్పిడికో, గుంట ఆపరేషన్‌కో మాత్రమే విశాఖో భువనేశ్వరో కటకమో పోవాలి. ఆరోగ్య కార్డు ఒడిశాదయితే ఆంధ్రలోని ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో బయల్దేరకముందే ఫోనులో అడగండి. అక్కడికి వెళ్ళాక తెలిస్తే ఒక రోజు పోతుంది, పుండుకి ఒక రోజు చాలా ఎక్కువ.

ముందు ఫోనులో ఫోటోలు పంపించే పద్ధతి నేర్చుకోండి. ఫ్లాష్ వద్దు. పగటిపూట కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా కూర్చోబెట్టాలి. మొదటి ఫోటో రెండు కళ్ళూ కలిపి. రెండోది జబ్బు కన్ను ఒక్కటే, జానెడు దూరం నుంచి. మూడోది పై రెప్ప కొద్దిగా ఎత్తి (ఎముక మీద వేలు ఆనించాలి, గుడ్డు మీద కాదు). మంచి కన్ను మూసి మూడు మీటర్ల నుంచి వేళ్ళు లెక్కపెట్టించి, రాకపోతే రెండు, ఒకటి, అదీ రాకపోతే చెయ్యి ఆడింపు, చివరికి టార్చి వెలుతురు తెలుస్తుందా అని చూసి రాయాలి. ఇంట్లో వాడిన చుక్కల సీసా ఫోటో కూడా. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ అని ఏ పేరున్నా అది స్టీరాయిడ్ చుక్క. పొలంలో దెబ్బ తగిలిన ఎర్రకంటికి సొంతంగా అది వేయొద్దు.

పుండు ఉన్న కంటికి దూది కట్టు కట్టొద్దు, లోపల వేడికి క్రిములు ఇంకా పెరుగుతాయి. గుడ్డు చిల్లుపడి లోపలిది బయటికొచ్చినట్టుంటే చుక్కలు కూడా వేయొద్దు; కాగితం కప్పు అడుగుభాగం మటుకు కత్తిరించుకుని, ఆ ముక్క అంచు ఎముక మీద ఆనేలా బోర్లించి టేపు వేయండి. గుడ్డుకి ఏదీ తగలకూడదు. మత్తు ఇవ్వాల్సిరావచ్చు కాబట్టి తిండి పెట్టకుండా తీసుకెళ్ళాలి, టెటనస్ ఇంజెక్షన్ వేయించాలి.

కరోనా అని తేలిన పదో రోజు నుంచి, పదిహేను రోజులు దాటినా సరే, షుగరు ఉన్నవాళ్ళని బ్లాక్ ఫంగస్ గుర్తుల కోసం రోజూ చూడాలి: ఒక పక్క ముక్కు మూసుకుపోవడం, గోధుమ లేదా నల్లటి చీమిడి, చెంప మొద్దుబారడం, పళ్ళు కదలడం, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం. నోరు తెరిపించి టార్చితో అంగిలి చూడండి. నల్ల మచ్చ కనిపిస్తే రేపు అనొద్దు. చుక్కల కోసం మందుల షాపుకి కాదు, ఈఎన్‌టీ ఉన్న పెద్దాసుపత్రికి.

మహమ్మారి రోజుల్లో ఎవిసరేషన్ తర్వాత తలెత్తే చిక్కు ఒకటుంది. లోపల 18 నుంచి 22 మిల్లీమీటర్ల గోళీ పెట్టి తెల్లగుడ్డు సంచి కుడతారు, పైన రెప్పల వెనక కన్ఫార్మర్ అనే పలచటి ప్లాస్టిక్ బిళ్ళ ఉంచుతారు. చీము ఎక్కువుంటే కొందరు గోళీ ఆపి, కొన్ని వారాల తర్వాత రెండో విడతలో పెడతారు, లేకపోతే అది బయటికి నెట్టుకొచ్చే ప్రమాదం. ఆ రెండో విడతకి దారి ఉండదని తెలిస్తే ముందే సర్జన్‌తో మాట్లాడుకోవాలి. కన్ఫార్మర్ ఊడిపడితే కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి అదే రోజు తిరిగి పెట్టాలి, పెట్టడం రాకపోతే వీడియో కాల్ చేయించుకోండి. అది లేకుండా వదిలేస్తే గుంట మూలలు అతుక్కుని కుంచించుకుపోతాయి, తర్వాత చేయించిన కన్ను నిలవదు. కృత్రిమ కంటికి కొలత మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకి తీసుకుంటారు.

చిన్నాన్నగారి సంగతి. రెప్పలు కూడా పోయాయి కాబట్టి మామూలు కృత్రిమ కన్ను అక్కడ నిలవదు, దాన్ని పట్టుకునే రెప్పలే లేవు. ఆయనకి కావలసింది సిలికాన్‌తో చేసే గుంట ముక్క: కన్ను, రెప్పలు, వెంట్రుకలు, చుట్టూ చర్మం రంగుతో సహా ఒకటే ముక్క. చర్మానికి తగిన జిగురుతోనో, కళ్ళజోడు ఫ్రేముకి బిగించో పెడతారు. ఎముకలో మరలు దించి అయస్కాంతంతో ఆనించేవీ ఉన్నాయి గానీ మ్యూకర్ తిన్న ఎముకకి అది అందరికీ కుదరదు. చేయించేముందు మూడు సంగతులు తేలాలి. గుంట పూర్తిగా మానిందా, లోపలి నుంచి ముక్కులోకి రంధ్రం ఉందా (తుమ్మితే గుంటలోంచి గాలి వస్తోందా అని అడగండి), జబ్బు తిరగబెట్టలేదని ఈమధ్య తీసిన ఎంఆర్‌ఐ ఉందా. రంధ్రం ఉంటే ముందు దాన్ని మూయడమో, ముక్కలోనే దానికి తగ్గట్టు చేయించడమో కావాలి. జోడుకి బిగించేదయితే మన వైపు ఎండకీ చెమటకీ అదే నయం, జిగురు చెమటకి వదిలేస్తుంది. రాత్రి తీసి, సబ్బు నీళ్ళతో కడిగి, గుంటని తడిగుడ్డతో తుడవాలి. సిలికాన్ రంగు ఏడాదీ రెండేళ్ళకి వెలిసిపోతుంది, కాబట్టి చేసినవాళ్ళ దగ్గర అచ్చు దాచమని చెప్పండి, రెండోది చవకవుతుంది. జోడు అద్దాలు పాలికార్బనేట్‌వి వేయించండి, పవరు లేకపోయినా సరే. ఉన్న ఒక్క కన్నుకి వరి కంకి తగలకుండా. మూణ్ణెల్లకోసారి హెచ్‌బీఏ1సీ (మూణ్ణెల్ల షుగరు సగటు చెప్పే పరీక్ష) చేయించుకుంటున్నారో లేదో కూడా ఒకసారి కనుక్కోండి.